ఉబ్బసం ఉన్న పిల్లలకు శ్వాసకండర శిక్షణ: పద్ధతి, ఫలితాలు, పరిమితులు

వ్యాససంగ్రహం:
ఉబ్బసంతో బాధపడే బాలబాలికలకు, కౌమారదశలోని విద్యార్థులకు "శ్వాసవ్యాయామం" చేయించాలన్న సలహా ఇటీవల విరివిగా వినిపిస్తున్నది. ఈ ఒక్క మాట కింద స్వభావంలోనూ ప్రయోజనంలోనూ భిన్నమైన మూడు సాధనలు కలిసిపోతున్నాయి. వాటిలో గాలి పీల్చే కండరాలకు కొలిచిన బరువుతో ఇచ్చే శిక్షణ ఎలా పనిచేస్తుందో, పిల్లలపై జరిగిన పరిశోధనలు ఏ మేరకు దానిని సమర్థిస్తున్నాయో, ఎక్కడ ఆగిపోతున్నాయో ఈ వ్యాసం వివరిస్తుంది. కండరం బలపడటం, ఉబ్బసం అదుపులోకి రావడం అనే రెండు విషయాలను ఒకటిగా భావించడం వలన కలిగే ప్రమాదాన్ని ప్రత్యేకంగా పరిశీలిస్తుంది.

కీలకపదాలు: ఉబ్బసం, శ్వాసకండరాలు, ఉదరవితానం, ఉచ్ఛ్వాస కండర శిక్షణ, ఇన్‌హేలర్, ఆయాసం, వైద్య పరిభాష.

1. ఉపోద్ఘాతం:

తెలుగువారికి ఈ వ్యాధి కొత్తది కాదు. దానికి ఉన్న పేర్లే అందుకు సాక్ష్యం. ఉబ్బసం, ఆయాసం, ఎగశ్వాస అన్నవి అన్ని ప్రాంతాలకూ తెలిసిన మాటలు. తెలంగాణ పల్లెల్లో "దమ్ము" అంటే చాలు. ఛాతీలోనుంచి వచ్చే సన్నని ఈల శబ్దాన్ని "పిల్లికూతలు" అని తల్లులు గుర్తిస్తారు. పసిబిడ్డ ఊపిరికి కష్టపడుతుంటే "డొక్కలు ఎగరేస్తున్నాడు" అంటారు. వైద్యుడు పరీక్షించి చూసే లక్షణాలలో రెండింటిని ఈ ఇంటిమాటలు ముందే పట్టుకున్నాయి. ఉబ్బసం అన్న పదం వ్యుత్పత్తి ఏదైనా, తెలుగు చెవికి అందులో ఉబ్బు వినిపిస్తుంది. ఆ వినికిడి శరీరధర్మం దృష్ట్యా తప్పు కాదన్న సంగతి తరువాతి భాగంలో విశదమవుతుంది.

ఆయుర్వేదం శ్వాసరోగాలను మహాశ్వాస, ఊర్ధ్వశ్వాస, ఛిన్నశ్వాస, తమకశ్వాస, క్షుద్రశ్వాస అని ఐదు విధాలుగా విభజించింది. నేటి ఉబ్బసానికి తమకశ్వాసను దగ్గరిదిగా చెబుతారు. ఈ రోగి పడుకుంటే బాధ ఎక్కువై, కూర్చుంటే ఉపశమనం పొందుతాడని చరకసంహిత గమనించింది. ముందుకు వంగి, చేతులు మోకాళ్లపై ఆనించి కూర్చునే ఆ భంగిమలో భుజాలు స్థిరపడతాయి. అప్పుడు మెడ, భుజాల కండరాలు పక్కటెముకలను పైకి లాగడానికి వీలు చిక్కుతుంది. అంటే శ్వాసకండరాలకు ఆసరా కల్పించడం అన్న ఆలోచనను రోగి శరీరం తానుగానే ఆచరిస్తూ వచ్చింది.

ఆ కండరాలకు క్రమబద్ధమైన శిక్షణ ఇస్తే ఉబ్బసం ఉన్న పిల్లలకు మేలు జరుగుతుందా అన్నది ఆధునిక పరిశోధకుల ప్రశ్న. 2019 నాటి ప్రపంచ రోగభార అంచనాల ప్రకారం భారతదేశంలో సుమారు 3.4 కోట్ల మంది ఉబ్బస రోగులున్నారు. ప్రపంచ బాధితులలో ఇది దాదాపు ఎనిమిదో వంతు. ఈ వ్యాధి వలన ప్రపంచంలో సంభవించే మరణాలలో మాత్రం 40 శాతానికి పైగా ఇక్కడివే. ఈ రెండు అంకెల మధ్య ఉన్న అంతరం వ్యాధి తీవ్రతను మాత్రమే సూచించదు, సరైన మందు సరైన సమయంలో అందకపోవడాన్ని కూడా సూచిస్తుంది. కాబట్టి ఏ కొత్త పద్ధతినైనా ఇక్కడ పరిశీలించేటప్పుడు అది మందుకు తోడుగా నిలుస్తుందా, మందు స్థానాన్ని ఆక్రమిస్తుందా అన్న ప్రశ్న తప్పనిసరి.

2. ఉబ్బసంలో ఊపిరి నడక:

ఉబ్బసం ప్రధానంగా శ్వాసనాళాల వ్యాధి, కండరాల బలహీనత వలన వచ్చేది కాదు. నాళాల లోపలి పొరలో దీర్ఘకాలిక శోథ, అంటే వాపుతో కూడిన ప్రతిచర్య, కొనసాగుతూ ఉంటుంది. దుమ్ము, పొగ, పుప్పొడి, జలుబు, చల్లగాలి, పరుగు వంటి ప్రేరణ తగిలినప్పుడు నాళం చుట్టూ ఉన్న నునుపు కండరం బిగుసుకుంటుంది, పొర ఉబ్బుతుంది, కఫం చేరుతుంది. మూడూ కలిసి నాళాన్ని ఇరుకు చేస్తాయి.

ఆ ఇరుకు ఫలితం మామూలు లెక్కకు అందదు. గొట్టంలో ద్రవం సాఫీగా ప్రవహించేటప్పుడు ఎదురయ్యే నిరోధం వ్యాసార్ధపు నాలుగో ఘాతానికి విలోమంగా ఉంటుందని 19వ శతాబ్దంలో ఫ్రెంచి శాస్త్రవేత్త ప్వాజే నిరూపించాడు. వ్యాసార్ధం సగమైతే నిరోధం 16 రెట్లవుతుంది. ఊపిరితిత్తుల్లో ప్రవాహం అన్నిచోట్లా అంత సాఫీగా ఉండకపోయినా, పిల్లల నాళాలు సహజంగానే సన్ననివి కావడం చేత కొద్దిపాటి వాపు కూడా వారిని ఎందుకు అంతగా బాధిస్తుందో ఈ సూత్రం వలన అర్థమవుతుంది.

గాలి పీల్చేటప్పుడు ఛాతీ విచ్చుకుంటుంది గనుక నాళాలు కొంత తెరుచుకుంటాయి. వదిలేటప్పుడు అవి మరింత ముడుచుకుంటాయి. అందువలన ఉబ్బసంలో గాలి లోపలికి పోవడంకన్నా బయటికి రావడం కష్టం. పిల్లికూతలు ప్రధానంగా గాలి వదిలేటప్పుడు వినిపించడానికి కారణం ఇదే. వదలవలసిన గాలి పూర్తిగా వెళ్లకముందే తరువాతి శ్వాస మొదలవుతుంది. లోపల గాలి చిక్కుకుని ఊపిరితిత్తులు నిజంగానే ఉబ్బిపోతాయి.

ఈ ఉబ్బు దగ్గరే శ్వాసకండరాలు రంగంలోకి వస్తాయి. పీల్చే పనిలో ప్రధాన పాత్ర ఉదరవితానానిది. డయాఫ్రం అని పిలిచే ఈ కండరం ఛాతీకీ పొట్టకూ మధ్య గొడుగులా ఉంటుంది. అది సంకోచించి కిందికి దిగితే ఛాతీ గది పెరిగి గాలి లోపలికి వస్తుంది. పక్కటెముకల మధ్యనున్న కండరాలు దానికి సాయపడతాయి. అవసరమైనప్పుడు మెడ కండరాలు కూడా చేయి కలుపుతాయి. విశ్రాంతిగా ఉన్నప్పుడు గాలి వదలడానికి ప్రత్యేక శ్రమ అక్కరలేదు, సాగిన ఊపిరితిత్తి తనంతట తాను వెనక్కి వస్తుంది. ఊపిరితిత్తులు ఉబ్బి ఉన్నప్పుడు ఈ గొడుగు ముందే చదునుగా, పొట్టిగా అణిగిపోతుంది. పొట్టిగా మారిన కండరం తన పూర్తి బలాన్ని చూపలేదు. ఇది ఏ కండరానికైనా వర్తించే ధర్మం. ఒకవైపు మోయవలసిన బరువు పెరిగింది, మరొకవైపు మోసే చేయి మడతపడి ఉంది. ఉబ్బసపు ఆయాసంలో ఈ రెండింటికీ భాగముంది.

ఇక్కడ ఒక అపోహను తొలగించాలి. ఉబ్బసం ఉన్న ప్రతి బిడ్డకూ శ్వాసకండరాలు బలహీనంగా ఉంటాయన్న మాట నిజం కాదు. పరిశోధనలు ఈ విషయంలో ఏకాభిప్రాయానికి రాలేదు. ఏళ్ల తరబడి నిరోధానికి ఎదురు పనిచేసిన కండరం, మూటలు మోసే కూలీ భుజంలా, గట్టిపడే అవకాశమూ ఉంది. ఆటపాటలకు దూరంగా ఉంచిన పిల్లలలో, పోషకాహారం అందని పిల్లలలో, నోటిద్వారా స్టెరాయిడ్లు దీర్ఘకాలం వాడవలసి వచ్చినవారిలో బలహీనత ఉండే అవకాశం ఎక్కువ. శిక్షణ ఎవరికి అవసరమో తేల్చుకోవాలంటే ముందు కొలవాలి.

3. ఒకే పేరుతో మూడు సాధనలు:

"పిల్లవాడికి శ్వాసవ్యాయామం చేయించండి" అన్న సలహా విని ఇంటికి వచ్చిన తల్లిదండ్రులు మూడింటిలో ఏదో ఒకటి మొదలుపెడతారు.

మొదటిది ప్రాణాయామం, లేదా నెమ్మదిగా పొట్టనిండా ఊపిరి తీసుకునే అభ్యాసం. ఇందులో కండరం మీద అదనపు బరువు ఉండదు. శ్వాసవేగాన్ని తగ్గించడం, ముక్కుతో పీల్చడం, ఆందోళనను అణచడం దీని లక్ష్యాలు. కంగారులో గబగబా ఊపిరి తీసుకునే కౌమార వయస్కులకు ఇది ఉపకరించవచ్చు. అయితే బలంగా, వేగంగా చేసే కపాలభాతి, భస్త్రిక వంటివి దీనికి భిన్నమైనవి. ప్రాణాయామం అన్న పేరు ఒకటే కనుక అన్నిటినీ ఒకే గాటన కట్టరాదు.

రెండవది మూడు బంతుల పరికరం. కోవిడ్ కాలంలో ఇది తెలుగు ఇళ్లలోకి విరివిగా ప్రవేశించింది. గొట్టంలోనుంచి గాలి పీలిస్తే రంగు బంతులు పైకి లేస్తాయి. సెకనుకు 600, 900, 1200 మిల్లీలీటర్ల వేగంతో పీల్చినప్పుడు ఒకటి, రెండు, మూడు బంతులు లేచేలా సాధారణంగా వీటిని రూపొందిస్తారు. శస్త్రచికిత్స తరువాత రోగి నిండుగా ఊపిరి తీసుకునేలా ప్రోత్సహించడం దీని అసలు ఉద్దేశం. చురుకైన పిల్లవాడు ఒక్క క్షణం గట్టిగా లాగి మూడు బంతులనూ ఎగరవేసి గెలిచానంటాడు. కండరానికి ఆ క్షణంలో అందిన శిక్షణ స్వల్పం. నిర్ణీతమైన బరువు ఇందులో లేదు.

మూడవదే ఈ వ్యాసానికి విషయమైన ఉచ్ఛ్వాస కండర శిక్షణ. ఇందులో వాడే పరికరం అరచేతిలో ఇమిడేంత చిన్నది. నోటికి పెట్టుకునే గొట్టం, దానిలో స్ప్రింగుతో బిగించిన ఒక కవాటం ఉంటాయి. పిల్లవాడు పీల్చే బలం స్ప్రింగు బలాన్ని మించినప్పుడే కవాటం తెరుచుకుని గాలి లోపలికి వస్తుంది. మించకపోతే ఎంతసేపు లాగినా గాలి రాదు. వదలడానికి మాత్రం అడ్డు ఉండదు. మర తిప్పి స్ప్రింగును బిగిస్తే బరువు పెరుగుతుంది. ఇంతకుముందు వాడిన సన్నరంధ్రాల పరికరాలలో నెమ్మదిగా పీల్చి బరువు తప్పించుకునే వీలుండేది. కవాటం ఆ వీలు లేకుండా చేసింది. వ్యాయామశాలలో తెలిసిన బరువును ఎత్తడానికీ, ఉన్నచోటనే చేతులు ఊపడానికీ ఎంత తేడా ఉందో ఈ పరికరానికీ మొదటి రెండింటికీ అంత తేడా ఉంది.

4. కొలత, సాధన:

శిక్షణకు ముందు పిల్లవాడి పీల్చే బలాన్ని కొలుస్తారు. ఊపిరంతా వదిలేసి, మూసిన గొట్టంలోనుంచి శక్తికొద్దీ గాలి లాగమంటారు. కనీసం ఒక సెకను నిలిచిన పీడనాన్ని సెంటీమీటర్ల నీటి పీడనంగా నమోదు చేస్తారు. బ్లాక్, హయట్ అనే అమెరికన్ పరిశోధకులు 1969లో ప్రచురించిన పద్ధతే దీనికి మూలం. ఈ కొలమానం సులభంగా అర్థం కావాలంటే నిలువుగా పట్టిన పొడవైన స్ట్రాను ఊహించుకోవచ్చు. ఛాతీ బలంతో అందులో నీటిని 50 సెంటీమీటర్ల ఎత్తుకు లాగగలిగితే ఆ బలం 50. కొబ్బరిబొండం తాగేటప్పుడు పనిచేసేది బుగ్గల బలం, ఛాతీ బలం కాదు. పరీక్షలో బుగ్గలు మోసం చేయకుండా పరికరంలో ఒక సన్నని రంధ్రం వదులుతారు.

వచ్చిన అంకెలో 30 నుంచి 40 శాతాన్ని తొలి బరువుగా నిర్ణయించడం పరిపాటి. ముక్కుకు క్లిప్పు పెట్టి, నిటారుగా కూర్చోబెట్టి, చురుగ్గా పీల్చి నెమ్మదిగా వదలమంటారు. కొన్ని శ్వాసల తరువాత విరామం ఇస్తారు. బలం పెరిగే కొద్దీ మళ్లీ కొలిచి బరువు పెంచుతారు. వారాల తరబడి సాగితేనే ఫలితం కనిపిస్తుంది, మానేస్తే నెలల్లో తగ్గిపోతుంది. చేయి కండరానికి వర్తించే నియమాలన్నీ దీనికీ వర్తిస్తాయి.

చిన్నపిల్లలతో చిక్కు వేరే ఉంది. ఆరేడేళ్ల లోపు వారు చెప్పినట్లు శక్తికొద్దీ పీల్చి పట్టి ఉంచడం కష్టం. పెద్దపిల్లలు సైతం మొదటి రోజుకన్నా నాలుగో రోజున ఎక్కువ అంకె చూపుతారు. కండరం అంతలోనే పెరగలేదు, పరీక్ష ఎలా చేయాలో అలవాటైంది. ఈ అలవాటు ఫలితాన్ని లెక్కలోకి తీసుకోని అధ్యయనం కండరబలం గురించి చెప్పే మాటను కొంత తగ్గించి చదువుకోవాలి.

5. పరిశోధనల సాక్ష్యం:

పిల్లల విషయంలో తరచుగా ఉదహరించే అధ్యయనం బ్రెజిల్‌ది. లిమా, సహపరిశోధకులు ఆ దేశపు ఊపిరితిత్తుల వైద్య పత్రికలో 2008లో దానిని ప్రచురించారు. 8 నుంచి 12 ఏళ్ల మధ్య వయసున్న 50 మంది ఉబ్బస బాధిత పిల్లలను 25 మంది చొప్పున రెండు బృందాలుగా విభజించారు. ఒక బృందానికి ఏడు వారాలపాటు వారానికి రెండుసార్లు, పీల్చే బలంలో 40 శాతం బరువుతో శిక్షణనూ, దానితోపాటు శ్వాస అభ్యాసాలనూ ఇచ్చారు. రెండో బృందానికి వైద్య పర్యవేక్షణ, వ్యాధిపై అవగాహన మాత్రమే లభించాయి. శిక్షణ పొందిన పిల్లల సగటు పీల్చే బలం సుమారు 48 నుంచి 110 సెంటీమీటర్లకు చేరింది. గాలి వదిలే గరిష్ఠ వేగం కూడా పెరిగింది, వ్యాధి లక్షణాలు తగ్గాయి. రెండో బృందంలో అటువంటి మార్పు కనిపించలేదు.

ఈ ఫలితం ఆకర్షణీయమైనదే. దానిని జాగ్రత్తగా చదివినప్పుడు కొన్ని సందేహాలు తప్పవు. తొలి బరువు 19 సెంటీమీటర్ల ప్రాంతంలో ఉంటుంది. అంత బరువుతో, మొత్తం 14 సమావేశాలలో, బలం రెండు రెట్లకు మించి పెరగడం అసాధారణం. ఆ వయసు ఆరోగ్యవంతులైన పిల్లలలో సాధారణంగా కనిపించే సగటుకన్నా 110 ఎక్కువ. పరీక్ష అలవాటు కావడం ఇందులో ఎంత భాగమో చెప్పలేము. శిక్షణ బృందం రెండు పనులు చేసింది. శ్వాస అభ్యాసం ప్రభావమెంత, కవాటం ప్రభావమెంత అని విడదీసి చూపే మూడో బృందం లేదు. పైగా వారానికి రెండుసార్లు శిక్షకుని సమక్షంలో గడిపిన పిల్లలు మందులు సక్రమంగా వాడటం, ఉత్సాహంగా పరీక్షలు చేయడం సహజం. గాలి వదిలే గరిష్ఠ వేగం కూడా ప్రయత్నంపై ఆధారపడిన కొలతే.

ఈ సందేహాలను తీర్చేందుకే కొన్ని అధ్యయనాలు ఉత్తుత్తి పరికరాన్ని ఉపయోగిస్తాయి. చూడటానికి అసలుదానిలాగే ఉన్నా అందులో బరువు ఉండదు. ఇజ్రాయెల్‌లో వైనర్ బృందం 1992లో ప్రచురించిన అధ్యయనం ఈ విధమైనదే. మధ్యస్థ, తీవ్ర ఉబ్బసం ఉన్న 30 మందిలో 15 మందికి ఆరు నెలలు అసలు శిక్షణ, మిగిలినవారికి ఉత్తుత్తి శిక్షణ ఇచ్చి, అసలు శిక్షణ పొందినవారిలో లక్షణాలూ ఆసుపత్రి అవసరమూ తగ్గాయని తెలిపింది. పద్ధతి మెరుగైనదే, సంఖ్య మాత్రం చిన్నది.

ఇటువంటి చిన్న అధ్యయనాలను కలిపి తూచే పని కాక్రేన్ సంస్థది. ఉచ్ఛ్వాస కండర శిక్షణపై 2013లో వెలువడిన సమీక్షకు అర్హమైనవిగా తేలినవి 5 అధ్యయనాలే, పాల్గొన్నవారు 113 మంది, అందరూ పెద్దలే. పీల్చే బలం సగటున 13 సెంటీమీటర్లు పెరిగిందని సమీక్ష లెక్కగట్టింది. తీవ్ర దాడులు తగ్గాయా, మందుల అవసరం తగ్గిందా అన్నవాటికి తగిన ఆధారం దొరకలేదని ప్రకటించింది. పిల్లల శ్వాస అభ్యాసాలపై 2016లో వచ్చిన మరో సమీక్షలో చేరినవి 3 అధ్యయనాలు, 112 మంది పిల్లలు. అన్నింటిలోనూ శ్వాస అభ్యాసం ఇతర చికిత్సలతో కలగలిసి ఉన్నందున విడిగా దాని ఫలితం తేల్చడం సాధ్యం కాలేదు. ఆ తరువాత కూడా వివిధ దేశాలలో చిన్న అధ్యయనాలు వెలువడుతూనే ఉన్నాయి. బలం పెరుగుతుందన్న అంశాన్ని అవి మళ్లీ మళ్లీ చెబుతున్నాయి. బలం పెరగడం వలన శ్వాసనాళపు వాపు తగ్గుతుందని నమ్మడానికి మాత్రం శరీరధర్మంలో ఆధారం లేదు. స్ప్రింగు కవాటం ఉదరవితానంపై పనిచేస్తుంది, నాళపు లోపలి పొరను అది తాకదు.

6. ఆయాసం తగ్గడం ఎల్లప్పుడూ శుభమేనా?

శిక్షణ పొందినవారు తరచుగా చెప్పే మాట "ఆయాసం తక్కువగా తెలుస్తోంది" అన్నది. దీనికి వివరణ కఠినం కాదు. ఒక పనికి కండరం తన గరిష్ఠ బలంలో ఎంత వంతు ఖర్చు చేస్తున్నదన్నదానిపై ఆయాసపు అనుభూతి కొంతవరకు ఆధారపడుతుంది. గరిష్ఠ బలం పెరిగితే అదే పని తేలికగా తోస్తుంది. మెట్లెక్కడానికి భయపడే బాలికకు, ఆటల పీరియడ్‌లో పక్కన కూర్చునే బాలుడికి ఈ తేలిక విలువైనది. ఆడుకోవడం మొదలుపెట్టిన పిల్లవాడు మొత్తం మీద బలపడతాడు.

ఈ నాణేనికి రెండో వైపు ఉంది, దానిని ప్రచార వ్యాసాలు ప్రస్తావించవు. ఆయాసం ఒక హెచ్చరిక కూడా. కికుచి, తదితర జపాన్ పరిశోధకులు 1994లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ప్రచురించిన అధ్యయనం ప్రాణాంతకమైన ఉబ్బసపు దాడినుంచి బతికి బయటపడినవారిని పరిశీలించింది. వారిలో ఆయాసాన్ని గుర్తించే శక్తి మొద్దుబారి ఉన్నట్లు, ఆమ్లజని తగ్గినప్పుడు శరీరం స్పందించే తీరు మందగించినట్లు తేలింది. నాళం మూసుకుపోతున్నా బాధ తెలియనివాడు ఆసుపత్రికి ఆలస్యంగా చేరుతాడు. కౌమారంలో ఈ ప్రమాదం మరింత ఎక్కువ. స్నేహితుల ముందు ఇన్‌హేలర్ తీయడానికి సిగ్గుపడే వయసు అది. నాళాల వాపు అలాగే ఉండగా కండరబలం వలన ఆయాసం మాత్రమే తగ్గితే ఆ పిల్లవాడికి జరిగింది మేలా, కీడా?

శిక్షణ వలన పిల్లలలో ఇటువంటి కీడు జరుగుతుందని ఎవరూ నిరూపించలేదు. అయినా ఈ తరహా పరికరాల సూచనపత్రాలలో, లక్షణాలను సరిగా గుర్తించలేక తరచు తీవ్రమైన దాడులకు గురయ్యే ఉబ్బస రోగులు వీటిని వాడరాదన్న హెచ్చరిక కనిపిస్తుంది. ఊపిరితిత్తి పొరలో గాలి చేరిన చరిత్ర ఉన్నవారు, కర్ణభేరి చిరిగినవారు కూడా వాడరాదు. దాడి జరుగుతున్న సమయంలో శిక్షణ ఎవరికీ తగదు. ఇరుకైన నాళం మీద మరో బరువు మోపడమే అవుతుంది. ఈ కారణాల చేత శిక్షణ తీసుకునే పిల్లవాడు పీక్‌ఫ్లో మీటరుతో గాలి వదిలే వేగాన్ని ప్రతిదినం కొలిచి రాసుకోవడం అవసరం. తాను ఎలా ఉన్నానన్న అనుభూతితోపాటు ఒక అంకె కూడా చేతిలో ఉండాలి.

7. ఉబ్బసంలా కనిపించే మరొకటి:

క్రీడలలో పాల్గొనే కౌమార వయస్కులలో, అందులోనూ బాలికలలో ఎక్కువగా, పరుగు తారస్థాయికి చేరినప్పుడు స్వరపేటిక ముడుచుకుని ఊపిరి అడ్డుకునే స్థితి ఒకటుంది. దీనిని తరచు ఉబ్బసంగా పొరబడతారు. తేడా ఊపిరి వదిలేటప్పుడు కాక పీల్చేటప్పుడు శబ్దం రావడంలో, బాధ ఛాతీలో కాక గొంతులో తెలియడంలో, ఇన్‌హేలర్‌తో గుణం కనిపించకపోవడంలో ఉంది. నార్వేలోని బెర్గెన్ పరిశోధకులు దీనిపై విశేషంగా పనిచేశారు. ఈ స్థితిలో ఉచ్ఛ్వాస కండర శిక్షణను చికిత్సగా ప్రయత్నిస్తున్నారు. పీల్చే కండరాల శిక్షణతో "ఉబ్బసం నయమైంది" అని చెప్పుకునే యువతలో కొందరికి అసలు ఉన్నది ఇదేనేమో పరిశీలించవలసి ఉంటుంది.

8. ఇంటిలో, తరగతిలో:

తెలుగు ప్రాంతాలలో ఇన్‌హేలర్‌పై ఉన్న భయం అందరికీ తెలిసినదే. "అలవాటు పడితే జీవితాంతం మానలేరు", "అది ఆఖరి మందు", "ఆడపిల్లకు ఇన్‌హేలర్ అని తెలిస్తే సంబంధాలు రావు" అన్న మాటలు చదువుకున్న ఇళ్లలోనూ వినిపిస్తాయి. మృగశిర కార్తె ప్రవేశించే రోజుల్లో హైదరాబాదు నాంపల్లి మైదానంలో చేపప్రసాదం కోసం దూరప్రాంతాలనుంచి వచ్చి బారులు తీరే జనంలో పిల్లలను ఎత్తుకున్నవారు కనిపిస్తారు. దానికి శాస్త్రీయ నిరూపణ లేదు. ఆ వరుసలో నిలిపింది మాత్రం మందులేని మార్గం దొరుకుతుందన్న ఆశే. శ్వాసకండర శిక్షణకు ఆధునిక పరికరం, అంకెలు, విదేశీ పరిశోధన తోడున్నాయి గనుక అదే ఆశ చదువుకున్నవారిని ఈ దారిలో పట్టుకునే ప్రమాదముంది.

ఇన్‌హేలర్‌లోని స్టెరాయిడ్ మోతాదు మైక్రోగ్రాములలో ఉంటుంది, నేరుగా నాళపు పొరకు చేరుతుంది. మాత్రకన్నా అది తేలికైన మార్గమే తప్ప ఆఖరిది కాదు. గ్లోబల్ ఇనీషియేటివ్ ఫర్ ఆస్తమా సంస్థ 2019లో తన మార్గదర్శకాలను మార్చి, 12 ఏళ్లు దాటినవారికి వెంటనే ఉపశమనమిచ్చే సాల్బుటమాల్ వంటి మందును ఒక్కదానినే ఇవ్వరాదని, వాపు తగ్గించే పీల్పు స్టెరాయిడ్ కూడా చికిత్సలో భాగం కావాలని సూచించింది. ఉపశమనమిచ్చే మందు నాళాన్ని కొద్ది గంటలు తెరుస్తుంది, వాపును తగ్గించదు. ఈ విషయంలో దానికీ శ్వాసకండర శిక్షణకూ పోలిక ఉంది. రెండింటివలనా రోగికి తేలిక తెలుస్తుంది, రెండూ మూలాన్ని తాకవు.

చిన్నపిల్లలకు స్పేసర్ అమర్చి ఇన్‌హేలర్ వాడించడం, పెద్దపిల్లలకు సరైన పద్ధతి నేర్పడం, ఇంట్లో అగరబత్తి, దోమలచుట్ట, కట్టెలపొయ్యి పొగను తగ్గించడం, వీటి తరువాతనే కండర శిక్షణ వంతు వస్తుంది. ఆ వంతు వచ్చేది కొలతలో బలహీనత తేలినవారికి, వ్యాధి అదుపులో ఉన్నా ఆయాసభయంతో ఆటకు దూరమైనవారికి. అదీ ఛాతీ వైద్యుడు, ఫిజియోథెరపిస్టు కలిసి చూస్తున్నప్పుడు. ఇంటర్మీడియట్, డిగ్రీ తరగతులలో ఈ వయసు విద్యార్థులను ప్రతిరోజూ చూసే అధ్యాపకులకు ఒక విషయం ఉపయోగపడవచ్చు. పూర్తి వాక్యం ఒక్క ఊపిరిలో చెప్పలేక మధ్యలో ఆగుతున్న విద్యార్థి తీవ్రమైన దాడిలో ఉన్నట్లు భావించాలి. అప్పటికి అవసరమైనవి ఇన్‌హేలర్, ఆసుపత్రి.

9. సూచనల భాష:

పరికరాలతోపాటు వచ్చే సూచనలు సాధారణంగా ఆంగ్లంలో ఉంటాయి. తెలుగులో చెప్పవలసి వచ్చినప్పుడు పరిభాష చిక్కు తెస్తుంది. పాఠ్యపుస్తకాలలో ఉచ్ఛ్వాసం పీల్చడానికి, నిశ్వాసం వదలడానికి స్థిరపడ్డాయి. పరీక్షలో ఈ రెండింటినీ తారుమారు చేసే విద్యార్థులు ప్రతి ఏటా ఉంటారు. పీల్చడంలోనే బరువు ఉండి వదలడం తేలికగా సాగవలసిన ఈ శిక్షణలో ఆ తారుమారు సాధననంతటినీ వ్యర్థం చేస్తుంది. వ్యాసంలో "ఉచ్ఛ్వాస కండర శిక్షణ" అనడం బాగానే ఉంటుంది, పదేళ్ల పిల్లవాడి చేతికిచ్చే కాగితంపై అది పనికిరాదు.

వాడుకమాటలూ అన్నీ క్షేమకరం కావు. "ఊపిరి తీయడం", "ఊపిరి విడవడం" అన్నవాటికి తెలుగులో ఉన్న రెండో అర్థం తెలిసిందే, ఆసుపత్రి గదిలో ఆ మాటలు వినడానికి ఏ తల్లీ ఇష్టపడదు. "దమ్ము" పారసీకంలో శ్వాస, తెలుగులో ధైర్యం కూడా. తెలంగాణ పిల్లవాడికి సన్నిహితమైన మాటే అయినా "దమ్ము లాగు" అంటే బీడీ గుర్తుకొచ్చి కౌమార బాలుడు నవ్వుతాడు. "గాలి పీల్చు", "గాలి వదులు" అన్నవి అన్ని ప్రాంతాలకూ ఒకే అర్థాన్నిస్తాయి. అందువలన అటువంటి కాగితంపై ఉండవలసిన వాక్యాలు కొన్నే: నిటారుగా కూర్చో. ముందు ఇన్‌హేలర్ మందు, తరువాత ఇది. ముక్కు మూసి, పెదవులు బిగించి, గాలి చురుగ్గా పీల్చు. నెమ్మదిగా వదులు. తల తిరిగినా, దగ్గు వచ్చినా, పిల్లికూతలు వినిపించినా ఆపు, పెద్దవారికి చెప్పు.